పాత ట్రాక్టర్‌పై కంపెనీ పెయింటు: కాపాడుకునే పద్ధతులు

ట్రాక్టర్ సంరక్షణ అనగానే ఇంజిన్ ఆయిల్, ఎయిర్ క్లీనర్, డీజిల్ ఫిల్టర్, టైర్ల గాలి గుర్తుకొస్తాయి. పెయింటు గురించి ఆలోచించే రైతులు తక్కువ. అది అందం కోసమే అనుకుంటారు. నిజానికి బానెట్, మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డు, ట్రాలీ తొట్టి వంటి పలుచని రేకు భాగాలకు తుప్పు పట్టకుండా అడ్డుగా ఉండేది ఆ పెయింటు పొర ఒక్కటే. అది పోయిన చోట రెండు మూడు వానాకాలాల్లో రేకు చిల్లులు పడుతుంది. ఆపై వెల్డింగు, టింకరింగు, కొత్త రేకు ఖర్చు, అమ్మబోతే ధర తగ్గడం. పది పదిహేనేళ్లు దాటిన బండి ఉన్న రైతులు ఏడాదికి రెండు మూడు రోజులు కేటాయిస్తే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

పెయింటు ఎందుకు పాడవుతుంది?

పెయింటులో ముఖ్యంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి. రెండోది ఆ పొడిని రేకుకు పట్టి ఉంచే జిగురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పడేసరికి పైపొరలోని జిగురు విరిగిపోయి, రంగు పొడి విడిపోతుంది. చేత్తో రాస్తే సుద్దముక్కలా అంటుకునేది అదే. ఎరుపు రంగు బండ్లు గులాబీ రంగుకు తిరగడం, నీలం, ఆకుపచ్చ బండ్లు వెలిసిపోయి తెల్లబారడం మనం చూస్తూనే ఉంటాం. ఎండ ఎక్కువ పడే బానెట్ పైభాగం, మడ్‌గార్డుల పైభాగం ముందుగా పాడవుతాయి. పక్కభాగాలు అదే బండిలో బాగానే ఉంటాయి.

రేకు దాకా గీత పడిన చోట కథ వేరు. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అంచుల్లోని మంచి పెయింటును కూడా పైకి లేపుతుంది. పైకి చిన్న బుడగలా కనిపించేది లోపల అణా బిళ్లంత తుప్పు అయి ఉంటుంది.

మన పొలాల్లో తుప్పును వేగంగా పెంచేవి ఇవి:

• ఎరువులు: మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు సగం క్లోరైడే. ఇది ఉప్పులాగే ఇనుమును తినేస్తుంది. యూరియా గాలిలోని తేమను పీల్చుకుని నీరై రేకు సందుల్లోకి దిగుతుంది. సూపర్ ఫాస్ఫేట్‌లో కొద్దిపాటి ఆమ్లం ఉంటుంది. ట్రాలీలో చిరిగిన బస్తాల నుంచి రాలినవి, విత్తనం-ఎరువు వేసే గొర్రు పెట్టెలో మిగిలినవి ఎక్కువ హాని చేస్తాయి.

• దమ్ము బురద: కృష్ణా, గోదావరి డెల్టాల్లో దమ్ము చేసిన బండి మడ్‌గార్డుల లోపలి అంచుల్లో బురద గట్టిపడి వారాల తరబడి తడిగా ఉంటుంది. పైనుంచి చూస్తే కనిపించదు. రేకు లోపలి నుంచే తినబడుతుంది.

• ఉప్పు గాలి, ఉప్పు నీరు: నెల్లూరు, ప్రకాశం, బాపట్ల తీర గ్రామాల్లోనూ, రొయ్యల చెరువుల గట్లపై తిరిగే బండ్లలోనూ తుప్పు త్వరగా వస్తుంది.

• పశువుల ఎరువు, కోళ్ల ఎరువు తోలిన ట్రాలీలు, బ్యాటరీ నుంచి కారిన ఆమ్లం, పురుగుమందు పిచికారి ద్రావణం.

• పక్షుల రెట్టలు: చెట్టు కింద నిలిపిన బండిపై పడి ఎండిన రెట్ట, దాని ఆమ్ల గుణం వల్ల పెయింటుపై మచ్చ వదులుతుంది. చెట్ల జిగురు కూడా అంతే.

ముందుగా పరీక్షించుకోండి

పని మొదలుపెట్టే ముందు బండిని శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, నీడలో నిలిపి చూడాలి.

1. శుభ్రమైన తెల్ల గుడ్డతో బానెట్ పైభాగాన్ని రాయండి. గుడ్డకు రంగు పొడి అంటితే పైపొర సుద్దబారిందని అర్థం. దీన్ని పాలిష్‌తో బాగుచేయవచ్చు.

2. తర్వాత కనిపించని ఒక మూలలో చుక్క పాలిష్ వేసి తెల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకు బండి రంగు వస్తే అది ఒకే పొర పెయింటు. పాత ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. రంగు వచ్చినందుకు భయపడనక్కరలేదు.

3. రంగు రాకుంటే పైన పారదర్శక పొర (క్లియర్ కోట్) ఉన్నట్లు. జీపులు, కార్లు, కొన్ని కొత్త బండ్లలో ఇది ఉంటుంది. ఆ పొర ఎండిన ఉల్లిపొరలా లేచిపోతుంటే పాలిష్‌తో తిరిగి రాదు. ఆ భాగానికి మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

4. బుడగలున్న చోట స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి శబ్దం వస్తే రేకు బాగుంది. మెత్తగా, పెళుసుగా ఉంటే రేకు పోయింది. అక్కడ పెయింటు వేయడం దండగ, ముందు రేకు పని చేయించాలి.

కడిగే విధానం

చాలా మంది బట్టల సబ్బు పొడితో కడుగుతారు. దానిలోని సోడా గుణం పెయింటుపై ఉన్న రక్షణ మైనాన్ని తీసేసి, వెలిసిన పెయింటును ఇంకా పాలిపోయేలా చేస్తుంది. బదులుగా వాహనాల షాంపూ వాడాలి. ఒక చిన్న సీసా ఏడాదికి సరిపోతుంది.

• ఇంజిన్, బానెట్ పూర్తిగా చల్లారిన తరువాత, ఉదయం లేదా సాయంత్రం నీడలో కడగాలి. అరచేయి పెడితే వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి.

• మొదట నీటితో బురదను నానబెట్టి కిందికి జార్చాలి. పొడి దుమ్మును గోనెపట్టాతో తుడిస్తే ఇసుక రేణువులు గరుకు కాగితంలా పనిచేసి గీతలు పడతాయి. వరి ఊక, గడ్డి తునకలు కూడా గీతలు వేస్తాయి.

• రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండో దానిలో గుడ్డ జాడించడానికి మంచి నీళ్లు. పైనుంచి కిందికి కడుగుతూ రావాలి. బురద ఎక్కువగా ఉండే కింది భాగాలకు వేరే గుడ్డ వాడాలి.

• మడ్‌గార్డుల లోపలి అంచులు, ఫుట్‌బోర్డు మూలలు, ట్రాలీ తొట్టి అడుగున నీళ్లు పోయే రంధ్రాలను పుల్లతో గీకి తెరవాలి.

• ప్రెజర్ పంపుతో కడిగించేటప్పుడు పైపు మొన కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలి. లేచిన పెయింటు అంచుకు, స్టిక్కర్లకు, రేడియేటర్ జాలీకి, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, ఎయిర్ క్లీనర్ గొట్టానికి నేరుగా కొట్టించవద్దు.

• బోరు నీళ్లు గట్టివైతే ఆరిన తరువాత తెల్ల మచ్చలు మిగులుతాయి. కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

• ఎరువులు, ఉప్పు నీరు, పిచికారి మందులు తగిలిన రోజే కడగాలి. మందు కడిగిన నీటిని చెరువు, కాలువల్లోకి పోనీయరాదు.

• బ్యాటరీ ఆమ్లం కారితే ఎక్కువ నీటితో కడిగి, లీటరు నీటికి ఒక చెంచా వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, మళ్లీ మంచి నీటితో కడగాలి. సోడా నీళ్లు బ్యాటరీ సెల్స్‌లోకి పోకూడదు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలి.

డీజిల్, కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌తో బండిని తుడిచి మెరుపు తెప్పించే అలవాటు చాలా గ్రామాల్లో ఉంది. ఆ మెరుపు రెండు రోజులే. నూనె జిడ్డుకు దుమ్ము పట్టి, తరువాత తుడిచిన ప్రతిసారీ గీతలవుతుంది. రబ్బరు పైపులు, వైర్లు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆపై పెయింటు వేయాలన్నా జిడ్డున్న చోట అంటదు.

దసరా ఆయుధ పూజకు పెట్టే పసుపు, కుంకుమ బొట్ల గురించి ఒక మాట. సుద్దబారిన పెయింటు సన్నని రంధ్రాలతో ఉంటుంది కాబట్టి తడి పసుపు, కుంకుమ మరక దానిలోకి దిగుతుంది. పూజకు ముందే బండిని కడిగి మైనం పూస్తే మరక లోపలికి దిగదు. మరుసటి రోజే తడి గుడ్డతో తుడిచేయాలి. కొబ్బరి నీళ్లు, నిమ్మరసం చిందిన చోట కూడా మంచి నీళ్లు పోయాలి.

పాలిష్, మైనం పూత

కంపెనీ పెయింటు మొత్తం మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు లేదా అంతకన్నా తక్కువ. పాలిష్ చేసిన ప్రతిసారీ దానిలో కొంత అరుగుతుంది. అందుకే అవసరమైనంతే చేయాలి. ఏడాదికి ఒకసారికి మించవద్దు.

ముందు మృదువైన పాలిష్‌తో ఒక అడుగు చదరంలో ప్రయత్నించండి. మెరుపు వస్తే అదే చాలు. రాకుంటేనే సన్న రకం రబ్బింగ్ కాంపౌండ్ వాడాలి. మెత్తని గుడ్డకు కొద్దిగా తీసుకుని, అడుగు చదరం చొప్పున, చేత్తో తేలికగా రుద్దాలి. గుడ్డకు రంగు నిండితే తిప్పుకుని శుభ్రమైన వైపు వాడాలి. బానెట్ అంచులు, వంపుల మీద పెయింటు పలుచగా ఉంటుంది. అక్కడ ఒకటి రెండు సార్లకే ఆపాలి. కింద ప్రైమర్ రంగు తొంగి చూసిందంటే ఆ చోట పెయింటు అయిపోయినట్లే. గ్రైండర్‌కు ప్యాడ్ బిగించి రుద్దితే క్షణాల్లో పెయింటు కాలి పోతుంది. అలవాటు లేనివారు దాని జోలికి పోవద్దు.

పాలిష్ అయ్యాక వాహనాల మైనం (వ్యాక్స్ పాలిష్) పలుచగా పూసి, పొడిబారాక తుడవాలి. తిరిగి నీళ్లు చల్లితే ముత్యాల్లా జారాలి. నీళ్లు పరుచుకుపోతుంటే మైనం పోయినట్లు. ఎండలో నిలిచే బండికి మూడు నాలుగు నెలలకోసారి పూయాలి. పాలిష్ చేసి మైనం పూయకుండా వదిలితే కొన్ని నెలల్లోనే మళ్లీ తెల్లబారుతుంది. ఫుట్‌బోర్డు, మెట్టు, బ్రేక్, క్లచ్ పెడళ్లు, స్టీరింగ్, సీటుకు మాత్రం మైనం పూయరాదు. కాలు, చేయి జారి ప్రమాదం జరుగుతుంది.

తుప్పు మచ్చలకు చికిత్స

పొడి వాతావరణంలో, వాన సూచన లేని రోజున ఈ పని పెట్టుకోండి.

1. మచ్చ చుట్టూ ఉన్న జిడ్డును టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవాలి.

2. వైర్ బ్రష్, తరువాత 80 నంబరు, 120 నంబరు గరుకు కాగితంతో తెల్లని ఇనుము కనిపించే దాకా రుద్దాలి. అంచుల్లో మంచి పెయింటు మెట్టులా నిలవకుండా 400 నంబరు వాటర్ పేపరును నీళ్లతో రుద్ది సాపు చేయాలి.

3. తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. బట్టబయలైన ఇనుము ఒక్క రాత్రి మంచుకే తిరిగి తుప్పు పడుతుంది. అందుకే అదే రోజు ప్రైమర్ వేయాలి.

4. రెడ్ ఆక్సైడ్ లేదా జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ పలుచగా రెండు పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య డబ్బాపై రాసినంత సమయం ఆగాలి.

5. గుంటలుంటే ప్రైమర్ మీద లప్పం పెట్టి సాపు చేసుకోవాలి. తుప్పు మీద లప్పం పెడితే ఏడాదిలో ఊడుతుంది.

6. బండి రంగుకు సరిపడే ఎనామిల్ రెండు పలుచని పూతలు వేయాలి. ఒకే దళసరి పూత కారిపోతుంది, లోపల ఆరదు.

7. కొత్త పెయింటుపై కనీసం నెల రోజులు మైనం, పాలిష్ వేయవద్దు.

థిన్నర్ విషయంలో జాగ్రత్త. ఎనామిల్ పెయింటుకు టర్పెంటైన్ లేదా డబ్బాపై సూచించిన థిన్నరే కలపాలి. పాత ఎనామిల్ మీద ఎన్‌సీ థిన్నర్‌తో కలిపిన పెయింటు వేస్తే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది. సైలెన్సర్‌కు మామూలు పెయింటు నిలవదు. వేడిని తట్టుకునే అల్యూమినియం పెయింటు వేయాలి.

పాత పెయింటు రుద్దేటప్పుడు వచ్చే దుమ్ముతో ఆరోగ్యానికి ముప్పు ఉంది. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ నిబంధనలు ఇళ్ల పెయింట్లకు ఉద్దేశించినవి. కాబట్టి పాత బండి పెయింటులో సీసం ఉండవచ్చనే భావించి మెలగాలి. వీలైనంతవరకు నీళ్లతో తడిపి రుద్దాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పిల్లలను, గర్భిణులను, పశువుల మేతను దూరంగా ఉంచాలి. రాలిన పొడిని పోగుచేసి సంచిలో కట్టాలి. చేతులు కడుక్కున్నాకే భోజనం చేయాలి. థిన్నర్ దగ్గర బీడీ, సిగరెట్ వెలిగించరాదు. డీజిల్ ట్యాంకు దగ్గర గ్రైండింగ్, వెల్డింగ్ సొంతంగా చేయవద్దు. హార్డ్‌నర్ కలిపి స్ప్రే చేసే రెండు డబ్బాల పెయింట్ల ఆవిరి ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తుంది. వాటిని సరైన సదుపాయాలున్న పెయింటింగ్ షాపులోనే వేయించాలి.

వీటిపై పెయింటు వేయరాదు

• ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, వాటి రేకులు. సొంత అవసరాల బండికి మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీలోనూ, అమ్మకంలోనూ ఈ నంబర్లు స్పష్టంగా కనిపించాలి. గరుకు కాగితంతో రుద్దినా, దళసరిగా పెయింటు వేసినా అనుమానాలకు తావిస్తుంది. ముందుగా టేపు అంటించి, పని పూర్తయ్యాక తీసేయాలి.

• ట్రాలీ వెనుక, పక్కన ఉండే రిఫ్లెక్టర్లు, మెరిసే టేపులు. వీటిపై పెయింటు పడిందంటే రాత్రి రోడ్డుపై నిలిచిన ట్రాలీ వెనుక వచ్చేవారికి కనిపించదు. పెయింటు వేయించాక కొత్త టేపు అంటించడం తప్పనిసరిగా పెట్టుకోండి. ఇది ప్రాణాలతో ముడిపడిన పని.

• డ్రాబార్, హుక్కు, లింకులపై పగుళ్లు. ముందు శుభ్రం చేసి పగుళ్లున్నాయేమో చూడాలి. పగులు మీద పెయింటు వేస్తే అది దాక్కుంటుంది, బరువు లాగేటప్పుడు తెగుతుంది.

• గ్రీజు నిపుల్స్, హైడ్రాలిక్ రాడ్లు, రబ్బరు పైపులు, వైర్లు, రేడియేటర్ జాలీ, గాలి రంధ్రాలు, హెచ్చరిక స్టిక్కర్లు.

బండి రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది. వేరే రంగుకు మార్చదలిస్తే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, మార్పు నమోదు చేయించుకోవాలి.

మొత్తం పెయింటు వేయించాలా?

వెలిసిపోయినా రేకుకు గట్టిగా పట్టుకుని ఉన్న కంపెనీ పెయింటును తీయించవద్దు. ఫ్యాక్టరీలో రేకును రసాయనాలతో శుభ్రం చేసి, ప్రైమర్ వేసి, వేడి గదిలో ఆరబెట్టిన పూత అది. ఊరి షాపులో జిడ్డు, తుప్పు పూర్తిగా తీయకుండా వేసిన కొత్త పెయింటు దానికి సాటి రాదు. రెండు మూడేళ్లకే పెచ్చులూడుతుంది. కాబట్టి ఇలా నిర్ణయించుకోండి:

• వెలిసింది, తుప్పు లేదు: కడగడం, పాలిష్, మైనం చాలు.

• అక్కడక్కడ తుప్పు మచ్చలు: ఆ మచ్చలకే చికిత్స.

• ఒక మడ్‌గార్డు లేదా బానెట్ బాగా పాడైంది: ఆ భాగం విప్పి, దానికొక్కదానికే వేయించాలి.

• చాలా భాగాల్లో తుప్పు ఉంది: అప్పుడే మొత్తం. తుప్పు పూర్తిగా తీయడం, ప్రైమర్ పూతలు, నంబర్లకు, రిఫ్లెక్టర్లకు టేపు అంటించడం ముందే మాట్లాడుకోవాలి. ప్రైమర్ దశలో ఒకసారి వెళ్లి చూడాలి. పని ముందు, మధ్యలో, తరువాత ఫోనులో ఫొటోలు తీసి ఉంచుకోండి. అమ్మేటప్పుడు అవి సాక్ష్యంగా పనికొస్తాయి.

పాత ట్రాక్టర్ కొనే రైతులకు కూడా ఇది వర్తిస్తుంది. తళతళ మెరిసే కొత్త పెయింటు చూసి ధర పెంచవద్దు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి మడ్‌గార్డులు, బానెట్‌పై తిప్పండి. లప్పం దళసరిగా ఉన్న చోట అది పట్టదు. రబ్బరు పైపులు, వైర్లపై రంగు చినుకులు ఉంటే ఈమధ్యే పెయింటు కొట్టారన్నమాట. ఎందుకు కొట్టారో అడగండి. అతుకులు, వెల్డింగులు, ఆయిల్ కారే చోట్లు చూడండి. వెలిసినా నిజాయితీగా ఉన్న పెయింటు బండి చరిత్రను దాచదు.

ఏడాది పట్టిక

• తొలకరికి ముందు (మే): కడిగి, తుప్పు మచ్చలు బాగుచేసుకోవాలి. మైనం పూత వేయాలి.

• దమ్ము పనులు ముగిశాక: కేజ్ వీల్స్ తీసి, మడ్‌గార్డుల లోపల, ఫుట్‌బోర్డు అడుగున బురద పూర్తిగా కడగాలి.

• దసరాకు: పూజకు ముందు కడగడం, మైనం. మరుసటి రోజు బొట్లు తుడవడం.

• సంక్రాంతి తరువాత: పరీక్ష, అవసరమైతే పాలిష్, వెంటనే మైనం.

• పని లేని రోజుల్లో: పైకప్పు ఉండి గాలి ఆడే చోట నిలపాలి. టార్పాలిన్ నేరుగా కప్పి తాళ్లతో బిగిస్తే లోపల చెమ్మ నిలుస్తుంది, గాలికి రాసుకుని పెయింటు అరుగుతుంది. తప్పనిసరైతే కర్రలు నిలబెట్టి, బండికి తగలకుండా పందిరిలా కట్టాలి.

తుప్పు మొదట్లో చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆ దశలో ఒక గరుకు కాగితం, చిన్న ప్రైమర్ డబ్బాతో ఆగుతుంది. ఈ వారం బండిని కడిగినప్పుడు తెల్ల గుడ్డ పరీక్ష చేసి చూడండి. మడ్‌గార్డు లోపలి అంచును చేత్తో తడిమి చూడండి. పనిని అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు.